ఓనరు లారీని వాయిదాల మీద కొనే డ్రైవరుకు: బయానా నుంచి ఆర్‌సీ దాకా

"బండి నువ్వే తీసుకోరా అబ్బాయ్, నెలనెలా కట్టుకుందువు గాని" అని ఓనరు అనే రోజు చాలామంది డ్రైవర్లకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారనో, చెరువుల్లో పెట్టుబడి పెట్టాలనో, పాత బండి పోరు ఇక పడలేననో ఆయన వదిలించుకోవాలనుకుంటాడు. పదేళ్ళు అదే స్టీరింగు పట్టినవాడికి ఆ మాట వరంలాగే వినిపిస్తుంది. ఆ సంబరంలో బయానా ఇచ్చేసి, కాగితం తర్వాత చూసుకుందాంలే అనుకున్న చోటే బేరం చెడుతుంది. ఇందులో డ్రైవరు కొనేది బండిని కాదు, ఏదో ఒక రోజు ఆర్‌సీ తన పేరుకు వచ్చే హక్కును. ఆ హక్కు కాగితం మీద లేకపోతే, కట్టిన ప్రతి కిస్తీ బండికి కట్టిన అద్దె కిందే పోతుంది.

అమెరికాలో ట్రాన్స్‌పోర్టు కంపెనీలే చివరికి నీదే అవుతుందని తమ ట్రక్కును తమ డ్రైవరుకు లీజుకిచ్చి, కిరాయిలోంచి వారం వారం కోసుకునే పద్ధతి ఉంది. అక్కడి ప్రభుత్వం వేసిన బృందమే దాన్ని పరిశీలించి, ఈ ఒప్పందాలను నిషేధించాలని 2025 జనవరిలో సిఫారసు చేసింది. మన దగ్గర రూపం వేరు గానీ, లోతుకు వెళితే గుంట ఒక్కటే.

బేరం ఏ రకమో ముందు తేల్చుకోండి

గోదావరి జిల్లాల్లో ఇది మూడు రకాలుగా నడుస్తుంది.

మొదటిది, మీ పేరునే ఫైనాన్స్ తీసుకుని బండి కొనడం. ఆర్‌సీ మీ పేరున వస్తుంది, దాని మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఎక్కుతుంది. వడ్డీ ఎక్కువైనా కాగితం శుభ్రంగా ఉంటుంది.

రెండోది, ఓనరు అప్పు తీరిన బండిని మీకు వాయిదాల మీద ఇవ్వడం. సరిగ్గా రాసుకుంటే ఇదే మంచి బేరం.

మూడోది, ఓనరు పేరున నడుస్తున్న ఫైనాన్సును "మిగతా కిస్తీలు నువ్వు కట్టుకో" అని మీ మీద వేయడం. ఎక్కువగా జరిగేది ఇదే, ఎక్కువమంది మునిగేదీ ఇందులోనే. మీరు ఓనరు చేతికి డబ్బిస్తారు, ఆయన ఫైనాన్సుకు కట్టడు. ఓ రోజు తుని దగ్గరో తడ దగ్గరో సీజర్లు (కిస్తీ తప్పిన బండ్లు పట్టుకునే ఫైనాన్స్ మనుషులు) బండి ఆపి తాళం అడుగుతారు. వాళ్ళ లెక్కలో మీరు డ్రైవరే తప్ప ఇంకెవరూ కారు.

మూడో రకం తప్పనిసరైతే ఓనరును వెంటబెట్టుకుని ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్ళండి. ఖాతా స్టేట్‌మెంటు, ఈ రోజే మొత్తం తీర్చేస్తే ఎంత కట్టాలో ఆ అంకె, రెండూ కాగితం మీద తీసుకోండి. అప్పును మీ పేరుకు మార్చే వీలుందేమో అడగండి. వీల్లేదంటే కిస్తీ నేరుగా లోను ఖాతాకే కట్టండి, ఓనరు చేతికి వద్దు. ఇంకో ప్రశ్న తప్పక అడగాలి: ఈ ఓనరుకు ఇదే కంపెనీలో వేరే అప్పులున్నాయా, ఎవరికైనా జామీను ఉన్నాడా? ఉంటే, మీ బండి బాకీ పూర్తిగా తీరినా ఆ రెండో అప్పు పేరు చెప్పి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఆపేస్తారు. ఈ షరతు లోను కాగితాల్లో సన్నక్షరాల్లో ఉంటుంది.

లెక్క: బండి కిస్తీని మోయగలదా

ధర కంటే ముందు వడ్డీ మాట తేల్చాలి. "నూటికి రూపాయే కదా" అన్నప్పుడు, ఆ రూపాయి మొదటి అసలు మీదా, తీరుతూ వచ్చే బాకీ మీదా అని అడగండి. 12 లక్షల బండికి రెండున్నర లక్షలు బయానా ఇచ్చి, 9.5 లక్షలు 36 నెలల్లో కట్టే బేరం అనుకుందాం. తీరే బాకీ మీద రూపాయి వడ్డీ అయితే నెలకు సుమారు 31,550 వస్తుంది. మొదటి అసలు మీదే మూడేళ్ళూ లెక్కేస్తే 35,890. నెలకు 4,300 పైచిలుకు తేడా, మూడేళ్ళకు లక్షా 56 వేలు. ఆ రెండో లెక్కలో నిజమైన వడ్డీ నూటికి రూపాయి కాదు, రూపాయి ముప్పావలా పైన. బండి బేరంలో పదివేల కోసం రెండు రోజులు గీసి గీసి బేరమాడేవాళ్ళు ఈ లక్షన్నరను మాట్లాడకుండా వదిలేస్తారు.

ఇప్పుడు నెల ఖర్చు. పది టైర్ల బండి, నెలకు 7,000 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్లు, డీజిల్ 97 రూపాయలు అని పెట్టుకుంటే డీజిలే 1,69,750. టోల్ 25,000. టైరు 22,000 చొప్పున పది టైర్లు 2,20,000. అవి 80,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే కిలోమీటరుకు 2.75, అంటే నెలకు 19,250. ఇన్సూరెన్సు, పర్మిట్, క్వార్టర్ ట్యాక్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కలిపి నెలకు పదివేలు పక్కన పెట్టాలి. ఆయిలు, గ్రీజు, రిపేర్లు 12,000. క్లీనరు, దారి భోజనాలు 20,000. కమీషన్లు, దారి ఖర్చులు 10,000. మొత్తం 2,66,000. దీనికి 31,500 కిస్తీ కలిపితే 2,97,500.

ఖాళీ ప్రయాణాలు కూడా కలుపుకుని కిలోమీటరుకు సగటున 45 రూపాయలు పడితే 3,15,000 వస్తుంది, ఇంటికి 17,500 మిగులుతుంది. అదే సగటు 42కి దిగితే 3,500 చేతినుంచి పడుతుంది. కిలోమీటరుకు మూడు రూపాయలు, అంతే తేడా. ఇక లోడ్లు లేని నెలలో 5,000 కిలోమీటర్లే తిరిగితే, 45 చొప్పున వచ్చినా ఐదువేలు లోటు. ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజులు ఆ లెక్కలోకి రానే లేదు.

ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి. మీ బండి మీద గత ఆరు నెలల ట్రిప్పు షీట్లు ఓనరు దగ్గర ఉంటాయి, సగం మీ జేబు పుస్తకంలోనే ఉంటాయి. వాటితో ఇదే లెక్క మళ్ళీ వేయండి. జీతం మీద నడిపినప్పుడు కనపడని ఖర్చు టైరు. ఓనరు మార్చేవాడు, మీరు ఎక్కించేవాళ్ళు. ఇప్పుడు రెండూ మీవే.

సీజన్ కూడా లెక్కలోకి రావాలి. డెల్టాలో సార్వా (ఖరీఫ్) ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రబీ) ఏప్రిల్, మే నెలల్లో మిల్లులకు చేరుతుంది. ఆ రోజుల్లో బండికి కొరత ఉండదు, కానీ మిల్లు ముందు లైనులో రోజులు పోతాయి. అంబాజీపేట కొబ్బరి దసరా నుంచి ఛట్ పండుగ దాకా ఉత్తరాదికి పరుగులు పెడుతుంది. అనపర్తి, తణుకు వైపు కోడిగుడ్లు బెంగాల్, బీహారులకు వెళ్తాయి. భీమవరం చేప ఐసు పెట్టెల్లో హౌరాకు వెళ్తుంది. వానాకాలం మధ్యలో ధాన్యం, బియ్యం మీద ఆధారపడే బండ్లు నిలబడిపోతాయి. అందుకే ఏడాది పొడుగునా ఒకే కిస్తీ ఒప్పుకోవద్దు. ధాన్యం నెలల్లో 40 వేలు, ఆగస్టు, సెప్టెంబరుల్లో 20 వేలు అన్నట్టు ముందే పట్టిక రాయించుకోండి. రైతు కుటుంబంలో పుట్టిన ఓనరుకు పంట మీద బాకీ తీర్చే పద్ధతి కొత్త కాదు, అడిగితే ఒప్పుకుంటాడు.

బండి చూసేటప్పుడు

మీరు నడిపిన బండే కదా అనుకోవద్దు. డ్రైవరుగా చూసిన చూపు వేరు, కొనేవాడి చూపు వేరు.

ఈ ప్రాంతంలో మొదట చూడాల్సింది చాసిస్ తుప్పు. చేపలు, రొయ్యలు తోలిన బండిలో ఐసు నీళ్ళు బాడీ చెక్కల సందుల్లోంచి కారి చాసిస్ మీద పడుతూ ఉంటాయి. ఉప్పు చెరువుల సరుకైతే మరీ చేటు. పైన రంగు వేస్తే కనపడదు. కమాను (స్ప్రింగు పట్టీల) బ్రాకెట్లు రివిట్ చేసిన చోట, క్రాస్ మెంబర్ల లోపలి వైపు చిన్న సుత్తితో కొట్టి చూడండి. ఖంగుమనాలి, బొదబొదమంటే లోపల తిన్నట్టే. వెల్డింగు పట్టీలు ఎక్కడున్నాయో, ఎందుకు పడ్డాయో అడగండి.

రెండోది వరద. 2022 జులైలో వచ్చిన గోదావరి వరద లాంటివాటిలో లంకల్లో, గట్ల కింద నిలిపిన బండ్లు మునుగుతాయి. డ్యాష్‌బోర్డు కింద, సీటు పట్టాల్లో, వైరింగు సాకెట్లలో గోధుమరంగు మెత్తటి ఒండ్రు ఉందేమో చూడండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి అయితే వైరింగు తడిస్తే అది తీరని జబ్బు. ఈ బండ్లలో పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ వ్యవస్థ కూడా పరీక్షించాలి. లైటు వెలిగితే కొంత దూరం తర్వాత ఇంజను శక్తి తగ్గిపోతుంది, లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కదు. లైటు రాకుండా సిస్టమును ఎవరైనా చెరిపేశారేమో స్కానరు పెట్టి చూపించుకోండి.

ఇంజను వేడెక్కాక ఆయిలు మూత తీసి చూడండి, దట్టంగా పొగ తన్నితే రింగులు పోయినట్టు. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్‌పిన్ (చక్రం తిరిగే ఇరుసు పిన్ను) ఎంత వదులైందో తెలుస్తుంది. వెనక ఇరుసులోని క్రౌన్ గేరు శబ్దం లోడు మీదే తెలుస్తుంది, కాబట్టి బయానాకు ముందు ఒక లోడు తోలి, కాటా వేయించి రండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ఆర్‌సీతో పోల్చండి.

తర్వాత బండి వయసు. నేషనల్ పర్మిట్ మామూలు రెండు యాక్సిల్ బండికి 12 ఏళ్ళ వరకే, మల్టీ యాక్సిల్ (రెండు కంటే ఎక్కువ ఇరుసులున్న) బండికి 15 ఏళ్ళ వరకే ఇస్తారు. పదేళ్ళ ఆరు టైర్ల బండికి మూడేళ్ళ కిస్తీ రాసుకుంటే, చివరి ఏడాది అది రాష్ట్రం దాటలేదు, కిస్తీ మాత్రం దాటుతూనే ఉంటుంది. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి. ప్రతిసారీ ఎఫ్‌సీకి వెళ్ళే ముందు పెయింటు, రేడియం స్టిక్కర్లు, చిన్నాచితకా పనులకు అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయమే.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఆర్‌సీ, ఫైనాన్స్, ఎఫ్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్సు గడువులు చూసుకోండి. ఈ-చలాన్లు విడిగా చూడాలి, వేరే రాష్ట్రాల్లో రాసినవి కూడా. పన్ను బాకీ ఉంటే బదిలీ కదలదు.

కాగితం

పార్లమెంటు 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసింది గానీ అది ఎప్పుడూ అమల్లోకి రాలేదు, 2005లో రద్దు చేసేశారు. కాబట్టి వాయిదా కొనుగోలుకు విడిగా చట్టం లేదు. మీ ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందమే చట్టం. అందులో లేనిది అడగడానికి ఉండదు.

అందుకే మొదటి రోజే చేయగలిగిన ఒక పని ఉంది. ఆర్‌సీ మీ పేరుకు మార్చి, దాని మీద ఫైనాన్షియరుగా పాత ఓనరు పేరు ఎక్కించడం. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షనులో ఫైనాన్షియరు అంటే కంపెనీయే కానక్కర్లేదు, ఎవరితోనైనా ఒప్పందం ఉండొచ్చు. ఫారం 34 మీద ఇద్దరూ సంతకం పెడతారు. బాకీ తీరేదాకా ఆయన అనుమతి లేకుండా మీరు బండి అమ్మలేరు, మీకు తెలియకుండా ఆయనా అమ్మలేడు. ఓనరుకు ఇది నచ్చజెప్పడం కష్టమేమీ కాదు. ఆర్‌సీ తన పేరున ఉండగా ప్రమాదం జరిగితే, బండి అమ్మేశానన్నా పరిహారం బాధ్యత రిజిస్టర్డు ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. పేరు మారడం ఆయనకే ఎక్కువ అవసరం.

ఆయన ససేమిరా అంటే ఒప్పంద పత్రం మీదే ఆధారపడాలి. స్టాంపు కాగితం మీద, నోటరీతో, ఇద్దరు సాక్షులతో రాయించుకోండి. అందులో ఇంజను, చాసిస్ నంబర్లు, ధర, బయానా, నెలవారీ పట్టికలో అసలెంత వడ్డీ ఎంత, ఏ బ్యాంకు ఖాతాకు చెల్లించాలి అన్నవి ఉండాలి. చేతికి నగదు ఇవ్వద్దు. ఇచ్చినా అదే రోజు రసీదు. బండి చేతులు మారిన తేదీతో పాటు గంట కూడా రాయండి, ఎందుకంటే ఆ గంటకు ముందు పడిన చలాన్లు ఆయనవి, తర్వాతవి మీవి.

అసలైన గొడవ కిస్తీ తప్పినప్పుడు వస్తుంది. ఎన్ని రోజుల గడువు, ఎలాంటి నోటీసు, రెండో తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి రాయాలి. అంతకంటే ముఖ్యం, బండి వెనక్కి తీసుకుంటే అప్పటిదాకా కట్టిన అసలు ఏమవుతుంది అన్నది. ఆ మాట లేని కాగితంలో 30 కిస్తీలు కట్టినవాడూ 3 కిస్తీలు కట్టినవాడూ ఒక్కటే. బండిని మళ్ళీ అమ్మి, బాకీ పోగా మిగిలింది మీకు ఇవ్వాలని రాయించండి. ఓనరు కాలం చేస్తే వారసులు ఇదే ఒప్పందానికి కట్టుబడాలని, వీలైతే ఆయన కొడుకు లేదా భార్య చేత సాక్షి సంతకం పెట్టించండి. ప్రమాదంలో బండి నుజ్జయితే వచ్చే ఇన్సూరెన్సు డబ్బు ముందు బాకీకి, మిగిలింది మీకు అని కూడా ఉండాలి.

పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద ముందుగానే సంతకం తీసుకోవడం ఆనవాయితీ. ఊళ్ళో ఇద్దరికీ నమ్మకమైన పెద్దమనిషి దగ్గర ఉంచడం మేలు. కానీ అవి ఉన్నాయని నిశ్చింతగా ఉండకండి. ఇప్పుడు బదిలీ దరఖాస్తు ఆన్‌లైన్లో వెళ్తుంది, ఓనరు ఆధార్, ఫోన్ ఓటీపీ అవసరం పడతాయి. ఒట్టి సంతకంతో పని కాదు.

ఇన్సూరెన్సులో కనపడని గుంట

పాలసీ ఆర్‌సీ పేరునే ఉంటుంది. ఓనరు-డ్రైవరుకు ఇచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా రిజిస్టర్డు ఓనరుకే. ఆర్‌సీ ఆయన పేరున ఉన్నంతకాలం పాలసీ కళ్ళకు మీరు జీతగాడే. కాబట్టి జీతం డ్రైవరు, క్లీనర్ల బాధ్యత పాలసీలో కలిపారో లేదో చూడండి. మీ పేరున వేరే ప్రమాద పాలసీ తీసుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకు దొరికే ప్రధానమంత్రి సురక్షా బీమా 2 లక్షలిస్తుంది, అది కనీసం.

20 టన్నులు దాటి 40 టన్నుల లోపు బండికి 2022లో ఖరారైన థర్డ్ పార్టీ ప్రీమియం 43,950, జీఎస్టీ అదనం. కిస్తీ కష్టమైన నెలలో ఇన్సూరెన్సు రెన్యువల్ వాయిదా వేయాలనిపిస్తుంది. ఆ మధ్య రోజుల్లో ఒక ప్రమాదం జరిగితే బండీ ఇల్లూ రెండూ పోతాయి.

నడిపే రోజుల్లో

కిస్తీ, టైర్లు, కాగితాలు అని మూడు ఖాతాలు విడిగా పెట్టుకోండి. ప్రతి ట్రిప్పు దిగాక కిలోమీటరుకు 2.75 చొప్పున టైరు డబ్బు పక్కన పడాలి. ఇదొక్కటి చేసినవాడు మూడో ఏడాది వడ్డీకి తెచ్చి టైర్లు వేయడు.

కిరాయి ఎక్కువ వస్తుందని ఓవర్‌లోడు ఎక్కించే ఆశ ఓనరు అయ్యాకే పుడుతుంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000, పైగా అధిక సరుకు అక్కడే దించాలి. ఒక్క చలానుతో ఆ నెల కిస్తీలో సగానికి పైగా పోయినట్టే. టైరు, కమాను పోవడం దాని మీద అదనం.

బ్రోకరు ఆఫీసు నుంచి అడ్వాన్సు పోను బాకీ, సరుకు దిగిన రసీదు చేరాకే వస్తుంది. కొన్ని కంపెనీలు ఆర్‌సీ ఎవరి పేరున ఉందో వారి ఖాతాకే వేస్తాయి. అప్పుడు మీ కిరాయి ఓనరు ఖాతాలో పడి, కిస్తీ కింద జమ అయిపోతుంది. లోడు ఎక్కించే ముందే మీ ఖాతాకు వేసేలా ఓనరు చేత అంగీకార పత్రం ఇప్పించండి.

ఆదాయపు పన్నులో మీకు అనుకూలమైన మాట ఒకటి ఉంది. పదికి మించి లారీలు లేనివాళ్ళ ఊహాత్మక ఆదాయ పద్ధతిలో, వాయిదాల మీద తీసుకుని బాకీ ఉన్నవాడినే ఓనరుగా చూస్తారు. 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు వెయ్యి చొప్పున ఆదాయం అనుకుంటారు. 28 టన్నుల బండికి ఏడాదికి 3,36,000. దీని మీద పన్ను పడకపోయినా రిటర్ను వేయండి. రెండేళ్ళ రిటర్నులుంటే రేపు మీ పేరున ఫైనాన్స్ అడగడానికి ఆధారం ఉంటుంది.

చివరి కిస్తీ తర్వాత

ఆఖరి కిస్తీ కట్టిన రోజే బాకీ లేదన్న పత్రం రాయించుకోండి, వాయిదా వేయొద్దు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఎక్కి ఉంటే ఫారం 35 మీద ఫైనాన్షియరు సంతకం, ఎన్‌ఓసీ తీసుకుని దాన్ని తీయించాలి. పేరు ఇంకా ఓనరుదే అయితే ఫారం 29, 30. రాష్ట్రంలోనే అమ్మినప్పుడు ఆయన 14 రోజుల్లో తెలియజేయాలి, మీరు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఫైనాన్స్ తీయించడం, పేరు మార్చడం రెండూ ఒకేసారి చేయించుకుంటే ఓనరును రెండుసార్లు ఆర్టీఓ ఆఫీసుకు తిప్పక్కర్లేదు.

ఆర్‌సీ మారింది కదా అని అక్కడితో ఆగేవాళ్ళున్నారు. పర్మిట్ బదిలీకి విడిగా దరఖాస్తు పెట్టాలి. అది పాత పేరునే ఉంటే చెక్‌పోస్టులో ఆపుతారు. ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లో తెలపాలి. థర్డ్ పార్టీ భాగం బండితో పాటే మీకు వస్తుంది గానీ, బండికి జరిగే నష్టం భాగం పేరు మార్చించుకుంటేనే మీకు చెల్లుతుంది. ఫాస్టాగ్ పాత ఓనరు కేవైసీ మీద ఉంటుంది. దాన్ని మూయించి మీ పేరున కొత్తది తీసుకోకపోతే ఏదో ఒక అర్ధరాత్రి టోల్‌గేటు దగ్గర బ్లాక్‌లిస్టు అని చూపి మామూలు కంటే ఎక్కువ వసూలు చేస్తారు. పెద్దమనిషి దగ్గరున్న సంతకాల ఫారాలు, రెండో తాళం కూడా ఆ రోజే తెచ్చుకోండి.